మఱపువ్యాధియు, వ్యాయామమును

(ప్రసంగ పాఠము)

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో పాటలు కోరునవి పెక్కు. నాటకములను మెచ్చుకొనునవి కొన్ని, వార్తలలో ఉచ్చారణదోషములు పట్టునవి మఱికొన్ని. అప్పుడప్పుడు ఈ వరుసలలో దేనికిని చేరని యుత్తర మొకటి వచ్చును. అట్టి యుత్తరమే ఈ ప్రసంగమునకు కారణమైనది. వ్రాసినవారు ఒక గృహిణి. ఆమె మామగారు చిరకాలము బడిపంతులుగా నుండి విశ్రమించినవారు. ఇప్పుడు వారి వయస్సు డెబ్బదియాఱు. రెండేండ్ల క్రిందట వైద్యులు వారికి అల్జీమర్స్ వ్యాధి యని నిర్ణయించిరి. రోగిని నడిపించుట మంచిదని యెవరో చెప్పగా, ఆమె ప్రతి యుదయమును ఆయనను వీధిచివరి రావిచెట్టు వఱకు నడిపించి తీసికొని వచ్చుచున్నది. ఆఱు నెలలైనది. “మామగారు మునుపటికంటె నిబ్బరముగా నడచుచున్నారు. కాని నా పేరు మాత్రము వారికి గుర్తు రాలేదు. మా శ్రమ వృథాయేనా?” అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్నకు ధైర్యము కలుగునట్లు బదులు చెప్పుట సులభము. “నడిపించుచునే యుండుడు, జ్ఞాపకము తప్పక తిరిగి వచ్చును” అన్నచో ఆమె సంతోషించును. కాని అది నిజము కాదు. “వృథాయే” అన్నచో అదియు నిజము కాదు. కావున తొందరపడి బదులు చెప్పక, ఈ వ్యాధి యెట్టిదో, వ్యాయామము మెదడునకు ఏమి చేయునో, రోగులతో జరిపిన పరీక్షలలో ఏమి తేలినదో వరుసగా చూతము. ఈ చింత యా యొక్క యింటిది మాత్రము కాదు. మన దేశమున అఱువదియేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమంది, చిత్తవైకల్యముతో బాధపడుచున్నారని 2023లో వెలువడిన యొక పెద్ద పరిశోధన లెక్కగట్టినది. చిత్తవైకల్యమునకు కారణములు అనేకములు. వానిలో నెల్ల తఱచుగా కనబడునది అల్జీమర్స్ వ్యాధి.

వ్యాధి స్వరూపము

1901వ సంవత్సరము నవంబరు నెలలో, జర్మనీదేశమున ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మానసిక వైద్యశాలకు ఆగస్టే డీటర్ అను స్త్రీని తీసికొని వచ్చిరి. ఆమె వయస్సు 51. ముసలితనమువలన మతి తప్పినదనుటకు వీలు లేని వయస్సు. అయినను తానెక్కడ నున్నదో ఆమెకు తెలియదు. పేరు వ్రాయుమన్నచో మొదలుపెట్టి నడుమనే మఱచిపోవును. ఆమెను పరీక్షించి, ఆమె చెప్పిన బదులులను ఓర్పుతో వ్రాసికొన్న వైద్యుడు అలోయిస్ అల్జీమర్. 1906లో ఆమె మరణించిన పిదప ఆయన ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, అందు రెండు విధములైన వికారములను కనుగొనెను. ఆ యేడు నవంబరులోనే ట్యూబింగెన్ నగరమున వైద్యుల సభలో ఆ సంగతి వివరించెను. ఆనాడు సభవారు దానిని అంతగా పట్టించుకొనలేదు. 1910లో ఎమీల్ క్రెపెలిన్ అను ప్రసిద్ధ వైద్యుడు తన గ్రంథమున ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టెను.

ఆ రెండు వికారములు ఇవి. నాడీకణముల వెలుపల అమైలాయిడ్ అను మాంసకృత్తు ముద్దలుగా పేరుకొనును. కణముల లోపల టౌ అను మఱియొక మాంసకృత్తు, చిక్కుపడిన దారపుపోగులవలె చుట్టుకొనును. ఒక కణమునుండి మఱియొక కణమునకు వార్త పోవు మార్గములు చెడును. పిదప కణములే నశించును. క్రమముగా మెదడు కుంచించుకొనిపోవును. ఇది తొలుత దెబ్బతీయు చోటులలో ముఖ్యమైనది హిప్పోకాంపస్ అను చిన్న భాగము. క్రొత్త సంగతులను జ్ఞాపకముగా నిలుపుట దాని పని. అందువలననే రోగికి నలువదియేండ్లనాటి పెండ్లి ముచ్చటలు గుర్తుండును. ఉదయము ఉపాహారము తినిన సంగతి గుర్తుండదు. తరువాత మాటలు తడబడును. తెలిసిన వీధిలోనే దారి తప్పును. చివరకు స్నానము చేయుట, బట్ట కట్టుకొనుట, నడచుట, మ్రింగుట సయితము కష్టమగును.

ఈ నష్టమును మూలముతో సహా మాన్పు మందు ఇంతవఱకు లేదు. లక్షణములను కొంతకాలము తగ్గించునవి కొన్ని కలవు. అమైలాయిడ్ ముద్దలను తొలగించు మందులును ఇటీవల వచ్చినవి గాని, అవి తొలిదశలోనివారికి మాత్రమే; అవియు వ్యాధి వేగమును కొంత తగ్గించునేకాని ఆపజాలవు. మందు చేతిలో లేనప్పుడు మనుష్యుని చూపు సహజముగా ఇతర మార్గములపైకి పోవును. ఆ మార్గములలో అందఱికిని అందుబాటులో నున్నది వ్యాయామము.

రెండు ప్రశ్నలు

ఇచ్చట ఒక పొరపాటు తఱచుగా జరుగుచున్నది. వ్యాయామము ఈ వ్యాధిని రాకుండ చేయునా యన్నది ఒక ప్రశ్న. వచ్చిన వ్యాధిని నయము చేయునా యన్నది మఱియొక ప్రశ్న. మొదటిదానికి దొరకిన బదులును రెండవదానికి అన్వయించుటచేతనే పెక్కు కుటుంబములు ఆశపడి, పిదప నిరాశ చెందుచున్నవి.

మొదటి ప్రశ్నకు బదులు ఆశాజనకముగానే యున్నది. లాన్సెట్ అను వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో తన నివేదికను ప్రకటించినది. మనము మార్చుకొనదగిన 14 కారణములను సరిచేసికొనగలిగినచో, చిత్తవైకల్యపు కేసులలో నూటికి సుమారు 45 తప్పుట గాని, ఆలస్యమగుట గాని జరుగవచ్చునని వారి యంచనా. రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, వినికిడిలోపము మొదలగువానితో పాటు, దేహమునకు కదలిక లేకపోవుటయు ఆ పదునాలుగింటిలో నొకటి. నడచువాని గుండెయు రక్తనాళములును బాగుగా పనిచేయును. పోటును, చక్కెరయు అదుపులో నుండును. మెదడునకు రక్తము చక్కగా అందును. 2011లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధనలో, చిత్తవైకల్యము లేని 120 మంది పెద్దవారిని రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమువారు ఏడాదిపాటు వారమునకు మూడు దినములు చురుకుగా నడచిరి. రెండవవారు ఒడలు సాగదీయు తేలికపాటి కసరత్తులు మాత్రమే చేసిరి. ఏడాది చివర నడచినవారి హిప్పోకాంపస్ పరిమాణము నూటికి 2 పాళ్ళు పెరిగినది. రెండవవారిది ఒక పాలుకంటె కొంచెము ఎక్కువ తగ్గినది.

ఇది విని ఎవరికైనను ఉత్సాహము కలుగును. కాని ఆ 120 మందియు రోగులు కారను సంగతి మఱవరాదు. పొలము ఎండకముందు నీరు పెట్టుట వేఱు, ఎండిన పిదప పెట్టుట వేఱు.

రోగులతో జరిపిన పరీక్షలు

ఇట్టి పరీక్షలు జరుపు పద్ధతిని ముందుగా చెప్పుదుము. రోగులను రెండు మూడు వర్గములుగా విభజించుదురు. ఎవరు ఏ వర్గమున చేరవలెనో వైద్యుని యిష్టమునకు గాని, రోగి యిష్టమునకు గాని వదలక, చీట్లు తీసినట్లు నిర్ణయించుదురు. ఒక వర్గముచేత వ్యాయామము చేయించి, రెండవ వర్గమునకు మామూలు వైద్యమే జరిపించి, కొంతకాలమునకు ఇరువురిని పోల్చిచూతురు. అప్పుడుగాని ఫలితము వ్యాయామమువలన కలిగినదో, మఱియేదైన కారణమువలన కలిగినదో తెలియదు.

ఇంగ్లండులో 494 మందితో ఇట్టి పరీక్ష జరిగినది. ఫలితములు 2018లో వెలువడినవి. వ్యాధి తొలిదశలోను, నడిమిదశలోను ఉన్నవారిచేత నాలుగు నెలలపాటు వారమునకు రెండుసార్లు, గంట మొదలు గంటన్నర వఱకు, కొంచెము కష్టమైన వ్యాయామమే చేయించిరి, బరువులును ఎత్తించిరి. వారి దేహపటుత్వము పెరిగినది. కాని సంవత్సరము చివర జ్ఞాపకమును, ఆలోచనను పరీక్షించి చూడగా, వ్యాయామము చేసినవారి స్థితి చేయనివారికంటె మెఱుగుగా లేదు సరికదా, ఒకింత తక్కువగానే కనబడినది. ఆ భేదము బహుస్వల్పము. నిత్యజీవితమున లెక్కింపదగినది కాదు. అయినను, కఠినవ్యాయామమువలన జ్ఞాపకము మరలునన్న యాశకు ఆ పరీక్ష బలమీయలేదు.

డెన్మార్కులో 200 మంది తొలిదశ రోగులు పదునాఱు వారములు, వారమునకు మూడు గంటల చొప్పున వ్యాయామము చేసిరి. 2016లో ఫలితములు వెలువడినవి. అక్కడను మొత్తముమీద బుద్ధిచురుకుదనములో భేదము కనబడలేదు. క్రమము తప్పక వచ్చి గట్టిగా చేసినవారిలో మాత్రము కొంత మేలు కనబడినది. కాని మఱియొక సంగతి తేలినది: దిగులు, చిరాకు, కలవరము మొదలైన మనోవికారములు వ్యాయామము చేసినవారిలో తక్కువగా నుండెను. అట్టివారితో ఒకే యింట నివసించువారికి ఇది చిన్న మేలు కాదు.

మన శ్రోతలకు ఎల్లవానికంటె ఉపకరించునది ఫిన్లాండు పరీక్ష. 2013లో ప్రకటితమైనది. రోగులు 210 మంది. అందఱును తమతమ యిండ్లలో భార్య తోడనో, భర్త తోడనో నివసించువారు. డెబ్బదిమంది చొప్పున మూడు వర్గములు చేసిరి. మొదటివారి యింటికి వ్యాయామచికిత్సకుడు వారమునకు రెండుసార్లు వచ్చి గంటసేపు చేయించెను. రెండవవారు ఒక కేంద్రమునకు పోయి పదిమందితో కలిసి చేసిరి. మూడవవారికి మామూలు వైద్యమే. ఇట్లు ఒక సంవత్సరము. తిండి, స్నానము, బట్ట, నడక మొదలగు పనులలో రోగి స్వయంశక్తిని కొలుచు కొలమాన మొకటి కలదు. ఏడాదిలో ముగ్గురికిని ఆ శక్తి తగ్గినది. వ్యాధి ఎవరిని వదలలేదు. కాని మామూలు వైద్యము పొందినవారికి సుమారు 14 పాళ్ళు తగ్గగా, ఇంట వ్యాయామము చేసినవారికి సుమారు 7 పాళ్ళే తగ్గినది. అనగా క్షీణత సగమైనది. మామూలువారు ఏడాదికి సగటున మూడుసార్లు క్రిందపడగా, ఇంట వ్యాయామము చేసినవారు ఒకటిన్నరసారికి లోపుగనే పడిరి. ఇంత చేసినను రోగుల వైద్యసేవలకగు మొత్తము ఖర్చు పెరుగలేదు.

అంతకుముందు 2007లో ఫ్రాన్సుదేశపు వృద్ధాశ్రమములలో 134 మందితో జరిపిన పరీక్షయు ఇదే చెప్పినది. వారమునకు రెండుగంటల వ్యాయామమువలన నిత్యకృత్యములు చేసికొను శక్తి క్షీణించుట మూడవవంతు మందగించినది. 2003లో అమెరికాలో వెలువడిన పరిశోధన మఱియొక యడుగు ముందుకు వేసినది. 153 మంది రోగులతో ఇంటివారే దినమునకు అరగంట వ్యాయామము చేయించునట్లును, రోగి విసిగించినప్పుడు ఇంటివారు ఎట్లు మెలగవలెనో నేర్చుకొనునట్లును చేసిరి. మూడు నెలలలోనే రోగుల దేహస్థితి మెఱుగైనది, దిగులు తగ్గినది.

ఈ పరీక్షల సారము ఇది. వ్యాయామము పోయిన జ్ఞాపకమును తెచ్చిపెట్టదు. వ్యాధిని ఆపదు. మిగిలియున్న దేహశక్తిని ఎక్కువకాలము నిలుపును. పడుటను తగ్గించును. కొందఱిలో మనస్సును నెమ్మదిపఱచును. వృద్ధుడు ఒకసారి పడి తుంటియెముక విఱుగగొట్టుకొన్నచో మంచమెక్కును. మంచమెక్కినవాడు మరల లేచుట కష్టము. తనంతట తాను లేచి మరుగుదొడ్డికి పోగలిగిన రోగికిని, ఇరువురు ఎత్తవలసిన రోగికిని గల భేదము, సేవచేయు నింటివారికే తెలియును.

దేహపు జ్ఞాపకము

బుద్ధి చెడినవాడు వ్యాయామము ఎట్లు నేర్చుకొనునని సందేహము కలుగవచ్చును. జ్ఞాపకము ఒక్కటే విధము కాదు. నిన్న ఎవరు వచ్చిరన్నది ఒక జ్ఞాపకము. పూలు కట్టుట, ముగ్గు పెట్టుట, తాళము వేయుట, సైకిలు తొక్కుట మఱియొక జ్ఞాపకము. మొదటిది హిప్పోకాంపస్ మీద ఆధారపడినది గనుక ముందుగా పోవును. చేతికి, కాలికి అలవాటైన పనుల జ్ఞాపకము మెదడులో వేఱు భాగములకు చెందినది. అది చాలకాలము నిలుచును. కూతురి పేరు మఱచిన తల్లి మల్లెలు చేతికిచ్చినచో మాలకట్టుట మనము చూచుచునే యున్నాము. అందుచేత ఇట్టివారికి మాటలతో పాఠము చెప్పుటకంటె, ఎదుట నిలిచి చేసి చూపుట మేలు. చూచి చేయుట వారికి ఇంకను సాధ్యమే.

మన యిండ్లలో చేయదగినవి

మొదట వైద్యుని సలహా పొందవలెను. గుండెజబ్బు, మోకాళ్ళనొప్పులు, కండ్లచూపు, వాడుచున్న మందులు, ఇవన్నియు ఆయనకు తెలియవలెను. పిదప ప్రతిదినము ఒకే వేళకు, ఒకే దారిలో నడిపింపవలెను. వేళయు దారియు మాఱకుండినచో రోగికి కలవరము తగ్గును. ఎండ ముదరకముందో, ప్రొద్దు వాలిన పిదపనో పోవుట మంచిది. చీకటిపడు వేళకు కొందఱికి అలజడి హెచ్చును. అట్టివారిని అంతకుముందే తిప్పి తీసికొని రావలెను. మడమకు పట్టీగల చెప్పులు కావలెను. జారు చెప్పులు పనికిరావు. పోవుటకు ముందును, వచ్చిన పిదపను మంచినీరు త్రాగింపవలెను, దాహమైనదని చెప్పుట వారికి తెలియకపోవచ్చును. చొక్కాజేబులో పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు వ్రాసిన చీటి ఉండవలెను.

నడక ఒక్కటే చాలదు. కాళ్ళకు బలమును, నిలుకడయు కావలెను. చేతులుగల గట్టి కుర్చీలో కూర్చుండబెట్టి, లేచి నిలుచుట, మరల కూర్చుండుట అయిదాఱుసార్లు చేయింపవచ్చును. వంటగట్టునో, కిటికీ చువ్వనో పట్టుకొని మునివ్రేళ్ళపై లేచి దిగుట మంచిది. ప్రక్కలకు అడుగులు వేయుటయు మంచిదే. ప్రక్కన ఒకరు నిలిచియుండవలెను. కదలక కూర్చున్నవారికి అయిదు నిమిషములతో మొదలుపెట్టి, వారముల మీద పెంచవలెను. ఆరోగ్యవంతులైన పెద్దలు వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ నడక వంటి వ్యాయామము చేయవలెనని ప్రపంచారోగ్యసంస్థ 2020లో సూచించినది. రోగులు ఆ లెక్కను అందుకొనలేకపోయినను చింత లేదు. ఎంత చేయగలిగిన అంత మేలే.

కసరత్తు అన్నచో మొండికేయువారు పనియన్నచో లేతురు. మొక్కలకు నీరు పోయుట, ఆరిన బట్టలు తీసి మడతపెట్టుట, తులసికోట చుట్టు తిరుగుట, గుడిలో ప్రదక్షిణము చేయుట, ఇవన్నియు వ్యాయామములే. ఒక్కసారి ఒక్క మాటయే చెప్పవలెను. “లేచి, చెప్పులు తొడిగికొని, గుమ్మము వద్దకు రండి” అన్నచో మూడు ఆజ్ఞలు చిక్కుపడును. “లేవండి” అని చేయి అందించుట చాలును. రాననినచో బలవంతపెట్టరాదు, పది నిమిషములు ఆగి మరల అడుగవలెను. ఆయాసము, ఎదలో నొప్పి, తల తిరుగుట కనబడినచో వెంటనే ఆపి వైద్యునికి చూపవలెను. వారి యౌవనమునాటి పాటలు రేడియోలో వచ్చు వేళ చూచి, ఆ పాటకు చేతులు కాళ్ళు కదలించుటయు ఒక యుపాయమే. పాట వినబడగానే పాదము తాళము వేయుట మొదలుపెట్టినచో, వ్యాయామము సగము జరిగినట్లే.

ఇక చివరగా, నడిపించువారి సంగతి. మన యిండ్లలో ఈ భారము తఱచుగా స్త్రీలపై, అందును ఒక్క స్త్రీపైననే పడుచున్నది. ఫిన్లాండులో చికిత్సకుడు ఇంటికి వచ్చెను; మన పల్లెలలో అట్టివారు అరుదు. కాని వంతులు వేసికొనుట మన చేతిలోని పని. ఉదయము కోడలు, సాయంకాలము కొడుకు, సెలవుదినమున మనుమడు ఆయన చేయి పట్టుకొనవచ్చును. ఆమెకును అరగంట విశ్రాంతి యుండవలెను. సేవచేయువారు మంచమెక్కినచో రోగికి దిక్కెవరు?

ఆ గృహిణికి మా బదులు ఇది. అమ్మా, మీ పేరు మీ మామగారికి గుర్తు రాకపోవచ్చును. నడకవలన వచ్చునని చెప్పుటకు మాకు ఆధారము దొరకలేదు. కాని ఆయన నిబ్బరముగా నడచుచున్నారని మీరే వ్రాసితిరి. ఆఱునెలల శ్రమకు అది చిన్న ఫలము కాదు. అది నిలుచునంతకాలము ఆయన పడుట తక్కువగును; మీరు ఎత్తవలసిన బరువు తక్కువగును. రావిచెట్టు వఱకు నడిపించుచునే యుండుడు. ఏ ఉదయమైనను మీకు అలసటగా నున్నచో, ఆ చేతిని మీ భర్తగారి చేతికి అందింపుడు.